అంకుడు కర్ర గిన్నెలు: ఆరిన కర్రకే అసలు ధర

పెదకూరపాడు : పత్తి బోరెంలో చెయ్యి పెట్టి తేమ ఎంత ఉన్నదో చెప్పగల వర్తకులకు పల్నాటిలో కొరత లేదు. మిరప టిక్కీ విప్పగానే కాయ ఎన్నాళ్లు కల్లంలో ఎండినదో పోల్చుకోగల దళారులు కూడా ఇక్కడ తక్కువ కాదు. కాటన్ కార్పొరేషన్ వారు పత్తి కొనుగోలులో 8 శాతం తేమను ప్రమాణంగా తీసుకుంటారనీ, 12 శాతం దాటిన సరుకును తిప్పి పంపుతారనీ ప్రతి కమీషన్ వ్యాపారికీ తెలిసిన సంగతే. అయితే అదే వర్తకుడు పండుగ బహుమతులకో, తిరునాళ్ల అంగడికో తరిమెన పట్టిన కర్ర గిన్నెలు, కుంకుమ భరిణెలు కొనేటప్పుడు రంగు చూస్తాడు, నునుపు చూస్తాడు, డజను ధర అడుగుతాడు. తేమ మాట ఎత్తడు. ఈ సరుకులో నష్టం వచ్చేది సరిగ్గా ఆ అడగని ప్రశ్న దగ్గరే.

తరిమెన పట్టిన కర్ర సామాను ఇదివరకు పిల్లల లక్కపిడతలకు, బొంగరాలకు, గిలక్కాయలకు పరిమితమై ఉండేది. నేడు పెళ్లి కానుకలుగా, కార్యాలయ బహుమతులుగా, ఇంటి అలంకరణ వస్తువులుగా కూడా అమ్ముడుపోతున్నది. నరసరావుపేట పక్కన కోటప్పకొండ తిరునాళ్ల, అమరావతి అమరేశ్వరాలయ యాత్రికుల రాకపోకలు, పండుగల కొనుగోళ్లు మన ప్రాంతంలో ఈ సరుకుకు సహజమైన మార్కెట్లు. కాబట్టి పత్తి, మిరప మధ్య నడుమ కొద్దిపాటి పెట్టుబడితో ఈ వ్యాపారం చేయదలచినవారు సరుకు పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకొనడం అవసరం.

అక్రోటు వేరు, అంకుడు వేరు

తరిమెన మీద గిన్నెలు తీయడంలో ప్రపంచమంతటా పేరు పొందిన కర్రలలో అక్రోటు ముఖ్యమైనది. అమెరికాలో నల్ల అక్రోటు, యూరపు దేశాలలోనూ కాశ్మీరంలోనూ మామూలు అక్రోటు ఈ పనికి వాడుకలో ఉన్నవి. ఆ కర్ర చేవ స్వతహాగానే గోధుమ వర్ణంలో ఉంటుంది. రంగు వేయనవసరం లేదు. నూనె పట్టిస్తే చారలు తేలి కనిపిస్తాయి. గట్టి కర్ర గనుక పల్చటి అంచు తీసినా నిలబడుతుంది. కాశ్మీరంలో మాత్రం అక్రోటు కర్ర ఎక్కువగా చెక్కడపు పనికే పోతున్నది. అక్కడ అక్రోటు పండ్ల చెట్టు కూడా కావడం వల్ల దానిని కొట్టడానికి ప్రభుత్వ అనుమతి కావాలి. 1969 నాటి చట్టం క్రింద రక్షణ పొందిన చెట్లలో అది ఒకటి. సరఫరా పరిమితం, ధర హెచ్చు.

తెలుగునాట ఆ స్థానంలో ఉన్నది అంకుడు. ఆకు తుంచితే పాలు కారే చిన్న చెట్టు. ఆకురాల్చే మెట్ట అడవులలో పెరుగుతుంది. కర్ర తెల్లగా, సన్నని నేతతో, మెత్తగా ఉంటుంది. ఉలికి సులువుగా లొంగుతుంది. చారలు లేని ఆ తెలుపే దానికి లాభం, లోపం కూడా. అక్రోటు గిన్నె కర్రను చూపించి అమ్ముడుపోతుంది. అంకుడు గిన్నె మీద లక్క రంగు పడితే గాని కంటికి ఆనదు. అందుచేత అంకుడు వ్యాపారంలో కర్ర ఎంత ముఖ్యమో లక్క కూడా అంత ముఖ్యం. ఈ రెండు సరుకుల ధరవరలు కలిస్తేనే గిన్నె ధర తేలుతుంది.

వరాహ నది ఒడ్డున

ఈ పనికి ఆంధ్రదేశంలో పేరు మోసిన ఊరు ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున, యలమంచిలికి చేరువలో ఉన్నది. పూర్వం విశాఖపట్నం జిల్లాలో ఉండి 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. పెదకూరపాడు గుంటూరు జిల్లా నుండి పల్నాడు జిల్లాలోకి మారినది కూడా అదే రోజున. అనకాపల్లి అనగానే బెల్లం మార్కెట్టు, గుంటూరు అనగానే మిరప యార్డు గుర్తుకు వచ్చే వర్తకులకు, ఆ బెల్లం దేశంలోనే ఈ లక్క బొమ్మల ఊరు కూడా ఉన్నదని చెప్పడం తేలిక.

ఏటికొప్పాకకు ఇటీవలి సంవత్సరాలలో వచ్చిన పేరు తక్కువది కాదు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో ఈ ఊరి ప్రస్తావన వచ్చినది. ప్రకృతి రంగుల వాడకాన్ని తిరిగి నిలబెట్టడానికి కృషి చేసిన చింతలపాటి వెంకటపతి రాజుకు 2023లో పద్మశ్రీ ప్రకటించారు. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మల మీదనే నడిచినది.

పేరు వచ్చినప్పుడు గిరాకీ వస్తుంది. గిరాకీతో పాటు తొందర వస్తుంది. తొందర వచ్చిన చోట పచ్చి కర్ర తరిమెన ఎక్కే ప్రమాదం ఉన్నది. అసలు చిక్కు అంతా ఇందులోనే ఉన్నది.

తరిమెన మీద జరిగేది

దుంగను రంపంతో ముక్కలుగా కోసి, బెరడు తీసి, నీడన ఆరబెడతారు. ఆరిన ముక్కను తరిమెనకు బిగించి తిప్పుతూ ఉలి ఆనించి ఆకారం తీస్తారు. పూర్వం ఒకరు తాడు లాగి తిప్పుతుంటే ఇంకొకరు ఉలి పట్టేవారు. నేడు విద్యుత్తు మోటారు తిప్పుతున్నది. ఆకారం వచ్చిన తరువాత రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు ఒత్తి పెడతారు. రాపిడికి పుట్టే వేడితో లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే పొర సమంగా పరచుకొని మెరుగు వస్తుంది. కుంచె లేదు, ఆరే వరకు కాచుకొనే పని లేదు. రంగు వేయడం, మెరుగు పెట్టడం తరిమెన మీదనే ముగుస్తాయి.

పని చూడటానికి వేగంగా సాగిపోతుంది గనుక, కొనేవారికి ఇందులో ఖర్చు ఏమున్నదని అనిపించడం సహజం. ఖర్చు తరిమెన ఎక్కక ముందే అయిపోయి ఉంటుంది.

కర్రలో తరుగు

ఒక చిన్న లెక్క చూస్తే ఈ సంగతి బోధపడుతుంది. 10 సెంటీమీటర్ల వ్యాసం, 10 సెంటీమీటర్ల ఎత్తు గల గుండ్రటి ముక్క ఘనపరిమాణం సుమారు 785 ఘన సెంటీమీటర్లు. దాని నుండి అంచు, అడుగు ఒక్కొక్క సెంటీమీటరు మందం ఉంచి నిలువు గోడల గిన్నె తీస్తే లోపల నుండి పోయే కర్ర సుమారు 452 ఘన సెంటీమీటర్లు. గిన్నెగా మిగిలేది 333 మాత్రమే. అంటే నూటికి 42 వంతులు సరుకు, 58 వంతులు పొట్టు. వంపు గిన్నె అయితే బయటి వైపు కూడా తరుగు పోతుంది గనుక మిగిలేది ఇంకా తక్కువ. బెరడు, కోత, ముడులు, వంకరలకు పోయేది ఈ లెక్కలో చేరలేదు.

రెండవ సంగతి కొలతకు సంబంధించినది. గిన్నె వెడల్పు, ఎత్తు రెండింతలు చేస్తే కావలసిన ముక్క రెండింతలు కాదు, ఎనిమిది ఇంతలు. అంకుడు చిన్న చెట్టు కావడం వల్ల లావు దుంగలు అరుదు. నాలుగు అంగుళాల గిన్నె ధరను రెట్టింపు చేసి ఎనిమిది అంగుళాల గిన్నె అడిగే బేరగాడికి పనివాడు సరుకు ఇవ్వలేకపోవడానికి కారణం ఇది. ఇచ్చినా అతుకు కర్రతోనో, వేరే కర్రతోనో సర్దవలసి వస్తుంది. వర్తకులు చిన్న కొలతలకే ఆర్డర్లు పరిమితం చేసుకుంటే ఇరుపక్షాలకూ క్షేమం.

తేమ చేసే నష్టం

పచ్చి కర్రలో నీరు దండిగా ఉంటుంది. ఆరుతూ వచ్చి తేమ సుమారు 30 శాతం కన్న దిగిన దగ్గర నుండి కర్ర కుంచించుకుపోవడం మొదలుపెడుతుంది. ఈ కుంచింపు అన్ని వైపులా సమంగా ఉండదు. నిలువుగా దాదాపు ఉండదు. నడిబొడ్డు నుండి బెరడు వైపునకు కొంత ఉంటుంది. వలయాల వెంట చుట్టూ దానికి సుమారు రెట్టింపు ఉంటుంది. అందువల్ల పచ్చి కర్రతో గుండ్రంగా తీసిన గిన్నె ఆరిన తరువాత కోలగా మారుతుంది. భరిణె మూత ఒక వైపు బిగుసుకుంటుంది, ఒక వైపు వదులవుతుంది. నడిబొడ్డు లోపలే ఉండిపోయిన ముక్క అయితే అక్కడ నుండి బీటలు చీలుతాయి.

పల్నాటి వర్తకునికి ఇందులో ఇంకొక మెలిక ఉన్నది. కర్ర ఎంత ఆరినా చుట్టూ ఉన్న గాలిలోని తేమను బట్టి తన తేమను సర్దుకుంటూనే ఉంటుంది. గాలిలో తేమ 80 శాతం ఉన్న చోట కర్ర సుమారు 16 శాతం తేమ దగ్గర నిలుస్తుంది. గాలిలో తేమ 40 శాతానికి పడిపోతే కర్ర 8 శాతం దాకా దిగుతుంది. ఏటికొప్పాక సముద్రానికి దగ్గర ఊరు. పల్నాటి ఎండ ఎటువంటిదో రెంటచింతల పేరు చెబితే చాలు. సముద్రపు గాలికి చక్కగా ఆరినట్లు కనిపించిన గిన్నె వైశాఖ మాసంలో ఇక్కడి దుకాణంలో మరొక విడత ఆరుతుంది. అక్కడ కనపడని బీట ఇక్కడ కనపడుతుంది. పనివాడు మోసం చేశాడని వర్తకుడు, వర్తకుడు సరుకు సరిగా పెట్టలేదని పనివాడు అనుకుంటారు. ఇద్దరి మాటలో కొంత నిజం ఉన్నది. అసలు కారణం మాత్రం గాలి మారడం.

అక్రోటు పనివారు దీనికి ఒక ఉపాయం పాటిస్తారు. పచ్చిగా ఉండగానే గిన్నెను మందంగా తీసి పెడతారు. పది అంగుళాల గిన్నెకు అంగుళం మందం అంచు ఉంచడం వాడుక. దానిని నెలల తరబడి ఆరబెట్టి, కోలగా మారిన తరువాత మళ్లీ తరిమెనకు బిగించి గుండ్రంగా తీస్తారు. నిండు దుంగ కన్న బోలుగా ఉన్నది త్వరగా ఆరుతుంది, బీటలు తక్కువ. దుంగ కొసలకు మైనం పూస్తే కొసల నుండి తేమ ఒక్కసారిగా పోకుండా ఆగుతుంది. ఈ రెండు పద్ధతులకూ యంత్రాలు అక్కరలేదు. కావలసినది చోటు, కాలం, ఆ కాలానికి పెట్టుబడి.

వడ్డీ తక్కువా, నష్టం తక్కువా

కర్రను ఆరబెట్టడం అంటే సొమ్మును కదలకుండా ఉంచడమే. ఏ పనివాడు ఆరబెట్టక మానినా ఓపిక లేక కాదు, సొమ్ము తిరగక. దీని లెక్క వర్తకులకు పరిచితమైన పద్ధతిలో చెప్పవచ్చును.

100 రూపాయల కర్రను 3 నెలలు ఆరబెట్టినట్లు అనుకుంటే, నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ చొప్పున అయ్యేది 6 రూపాయలు. ఆరబెట్టకుండా తరిమెన పట్టి, పదింటిలో ఒకటి బీటలు వారితే మిగిలిన తొమ్మిది మీద ఖర్చు నూటికి 11 రూపాయలు పెరుగుతుంది. రెండు పోతే 25 రూపాయలు. మూడు పోతే దాదాపు 43 రూపాయలు. పైగా 6 రూపాయల వడ్డీ పడేది కర్ర మీద మాత్రమే. బీట వారిన గిన్నెలో పోయేది కర్ర, కూలి, లక్క, రవాణా నాలుగూ. కాబట్టి పదింటిలో ఒక్కటి పోయినా ఆరబెట్టడమే చవక.

ఇంత తేలిక లెక్క ఆచరణలో ఎందుకు నడవదంటే, వడ్డీ భారం ఒకరిది, బీట నష్టం వేరొకరిది. సరుకు చేతులు మారిన తరువాత చీలితే నష్టపోయేది వర్తకుడు. ఆరబెట్టడానికి సొమ్ము ఆపుకోవలసినది పనివాడు. వర్తకుడు ధర గీసి గీసి బేరమాడితే పనివాడు ఆరబెట్టే కాలంలో కోత వేస్తాడు. మరుసటి ఏడు వర్తకుడు పోయిన నష్టాన్ని తలచుకొని ఇంకా గీస్తాడు. ఈ విధంగా మంచి సరుకు మార్కెట్టు నుండి తప్పుకుంటుంది. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్న సామెత కర్ర పనివాని విషయంలో అక్షరాలా నిజం. కర్ర కొనేటప్పుడు అతనికి ధర కొరివిలా తగులుతున్నది. గిన్నె అమ్మేటప్పుడు అడవిలో ఊరికే దొరికిన కర్రే కదా అంటారు.

లక్క మార్కెట్టు

గిన్నె ధరలో రెండవ సరుకు లక్క. మోదుగ, రేగు, కుసుమ్ చెట్ల కొమ్మల మీద బ్రతికే చిన్న పురుగు విడిచే జిగురే లక్క. మన దేశంలో ఉత్పత్తికి జార్ఖండ్ ప్రధానం. ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, పశ్చిమ బెంగాల్‌లలో కూడా పండుతున్నది. బయటి దేశాలలో థాయిలాండ్ పేరు చెప్పదగినది. రంగీనీ, కుస్మీ అని రెండు రకాలు, ఒక్కొక్కటి ఏడాదికి రెండు పంటలు. కుస్మీ రంగు తేలిక గనుక సాధారణంగా ధర హెచ్చు. కొమ్మల నుండి గీకిన ముడి సరుకును కడిగి, గింజ లక్కగా చేసి, దానిని కరిగించి పలకలుగా తీస్తే చపడా అవుతుంది. లక్క పరిశోధనకు రాంచీ దగ్గర నామ్‌కుంలో 1924లోనే ఒక సంస్థ వెలసినది.

లక్క ధరకు ఎగుమతులకు దగ్గర సంబంధం ఉన్నది. ఒకప్పుడు గ్రామఫోను రికార్డులు లక్కతోనే తయారయ్యేవి. 1948లో వినైలు రికార్డులు బయలుదేరిన తరువాత ఆ గిరాకీ క్రమంగా పోయినది. నేడు మందు బిళ్లల పైపూతకు, మిఠాయిలకు, పండ్ల మెరుపుకు, కర్ర సామాను పాలిష్‌కు విదేశాలు కొంటున్నవి. ఆ కొనుగోళ్లు పుంజుకున్నప్పుడు గానీ, వాతావరణం వికటించి పంట దెబ్బ తిన్నప్పుడు గానీ లక్క ధర ఎగబాకుతుంది. గిన్నెకు పట్టే లక్క కొద్దిపాటే అయినా, చిన్న పనివాడు నిలవ పెట్టుకోలేడు. కావలసినప్పుడు కావలసినంత కొంటాడు గనుక హెచ్చిన ధర వెంటనే అతని నెత్తిన పడుతుంది.

లక్క గుణాలు తెలియక అమ్మితే వాపసులు తప్పవు. లక్క వేడికి మెత్తబడుతుంది. వేడి కూర, వేడి పాలు ఈ గిన్నెలలో పోయకూడదు. సారాయి తగిలితే కరుగుతుంది. చాకలి సోడా వంటి క్షారానికి కూడా నిలవదు. పొడి సరుకు, పూలు, పండ్లు, కుంకుమ, పసుపు పెట్టుకొనడానికి, అలంకరణకు మాత్రమే అని కొన్నవారికి చెప్పి అమ్మడం మంచిది. రేకుల షెడ్డులో వేసవిలో ఒకదాని మీద ఒకటి ఒత్తి పెట్టిన లక్క సరుకు అతుక్కుపోవచ్చును. కాగితం చుట్టి, గాలి ఆడే చోట, ఒక్కొక్క వరుసగా పెట్టవలసి ఉన్నది.

రంగులు, నిబంధనలు

ఏటికొప్పాక సరుకుకు ప్రత్యేకత తెచ్చినది ప్రకృతి రంగులు. పసుపు కొమ్ము నుండి పసుపు రంగు, నీలిమందు నుండి నీలం, జాఫ్రా గింజల నుండి నారింజ ఎరుపు తీసి లక్కలో కలిపి కడ్డీలు చేస్తారు. వీటిలో వర్తకుడు చూసుకోవలసిన ఒక లోపం కూడా ఉన్నది. ముఖ్యంగా పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది. కొట్టు ముందు ఎండలో తోరణంలా వేలాడదీస్తే నెలలోపే వెలవెలబోవచ్చును.

అయినా ప్రకృతి రంగుల వైపే మొగ్గడానికి వ్యాపార కారణం ఉన్నది. పిల్లలు నోట పెట్టుకొనే వస్తువులలో సీసం వంటి లోహాలు ఉండరాదు. అమెరికాలో 2009 నుండి రంగు పూతలో సీసం పది లక్షల వంతులలో 90 వంతులు మించరాదన్న హద్దు అమలులోకి వచ్చినది. మన దేశంలో ఇళ్లకు వాడే రంగులకు 2016 నాటి నిబంధనల క్రింద అదే హద్దు 2017 నవంబరు నుండి అమలైనది. చవక రసాయన రంగు వాడిన సరుకు ఎక్కడో ఒక చోట పరీక్షలో పట్టుబడితే ఊరంతటి పేరు పోతుంది.

బొమ్మలకు ప్రమాణాల ముద్ర 2021 జనవరి 1 నుండి తప్పనిసరి అయినది. హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన పనివారు తామే చేసి అమ్మే సరుకుకూ, భౌగోళిక గుర్తింపు గల బొమ్మల నమోదిత వాడుకదారులకూ మినహాయింపు ఇచ్చారు. కాబట్టి కొనే ముందు పనివాని నమోదు కార్డు, అధీకృత వాడుకదారు పత్రం నకలు తీసుకొని బిల్లుతో పాటు దాచుకొనడం వర్తకుని బాధ్యత. గుంటూరు సన్నం మిరపకు, దుర్గి రాతి శిల్పాలకు ఇదే విధమైన గుర్తింపు ఉన్నందున ఈ వ్యవహారం పల్నాటి వారికి కొత్త కాదు. పేరు పెట్టుకొని ఎక్కడి సరుకో అమ్మితే ఎంత నష్టమో మిరప వర్తకులను అడగనక్కరలేదు.

సుంకం, పన్ను, పోటీ

దిగుమతి బొమ్మల మీద మూల కస్టమ్స్ సుంకాన్ని కేంద్రం 2020లో 20 శాతం నుండి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచినది. 1,000 రూపాయల విదేశీ సరుకుపై 200 రూపాయలు పడే చోట 700 రూపాయలు పడినట్లయినది. దేశంలో చేతివృత్తుల కర్ర సామాను, బొమ్మలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుండి 12 శాతం నుండి 5 శాతానికి తగ్గినది. 1,000 రూపాయల సరుకుపై 120 రూపాయల పన్ను 50 రూపాయలైనది. ఈ 70 రూపాయల తేడా ఎవరి చేతికి చేరుతుందన్నది బేరాన్ని బట్టి ఉంటుంది. పూర్తిగా చిల్లర ధర తగ్గింపులోనే పోతే కర్ర ఆరబెట్టే వ్యవధికి అందులో ఏమీ మిగలదు.

పోటీ విదేశాల నుండే అనుకొనడం పొరపాటు. కర్ణాటకలోని చెన్నపట్నంలోనూ ఇదే జాతి కర్రతో, ఇదే లక్కతో పని జరుగుతున్నది. బెంగుళూరు మైసూరు రహదారి మీద ఉండటం ఆ ఊరికి పెద్ద వసతి. కాశీలోనూ లక్క కర్ర పని ఉన్నది. ఈ రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉన్నది. ప్లాస్టిక్ సరుకు సంగతి చెప్పనక్కరలేదు. చవకలో దానితో పోటీ పడిన కర్ర గిన్నె ఎప్పుడూ గెలవలేదు. నాణ్యంలో నిలబడితేనే వేరే ధర పలుకుతుంది.

సరుకు చూసుకొనే విధానం

పత్తికి యంత్రం ఉన్నట్లే కర్రకు కూడా తేమ కొలిచే పరికరం దొరుకుతుంది. అది లేకపోయినా నాలుగు పరీక్షలు చాలు.

మొదటిది తూకం. వచ్చిన సరుకులో అయిదారు గిన్నెలు తీసి, అడుగున గుర్తు పెట్టి తూచాలి. వారం రోజులు గాలికి ఉంచి మళ్లీ తూచాలి. 200 గ్రాములది 190కి దిగితే అది ఇంకా ఆరుతున్న సరుకు. తూకం నిలకడగా ఉంటే ఆరినట్లు లెక్క.

రెండవది మూత. భరిణె మూతను పావు వంతు చొప్పున తిప్పుతూ పెట్టి చూడాలి. అన్ని వైపులా ఒకేలా కూర్చుంటే గుండ్రం చెడలేదు. ఒక చోట బిగువు, ఒక చోట వదులు అయితే కర్ర అప్పుడే కదిలినది.

మూడవది అడుగు. చిన్న దుంగ నుండి తీసిన ముక్క నడిబొడ్డు గిన్నె అడుగుననే ఉంటుంది. అక్కడ చుక్క చుట్టూ సన్నని గీతలు నక్షత్రంలా కనపడితే ఆ సరుకు ఎండకు చీలుతుంది. లక్క మందంగా పూసి అడుగు కప్పివేసిన సరుకును ఇంకా జాగ్రత్తగా చూడాలి.

నాలుగవది తడి గుడ్డ. లక్క నీటికి కరగదు. తెల్లని తడి గుడ్డతో రుద్దినప్పుడు రంగు అంటితే అది లక్కలో కలిసిన రంగు కాదని అనుమానించవలసినదే.

రాబోయే కాలానికి

అంతిమంగా ఈ వ్యాపారం నిలిచేది కర్ర మీద. అడవి అంకుడు అవసరానికి చాలక ఏటికొప్పాక పనివారు చాలా కాలంగా ఇబ్బంది పడుతున్నారు. అటవీ సరుకు కదలాలంటే రవాణా నిబంధనలు ఉన్నవి. ఊరట కలిగించే సంగతి ఒకటే. అంకుడు నరికిన మోడు నుండి తిరిగి చిగుర్లు వేస్తుంది. గట్ల మీద, బంజర్లలో పెంచి, వంతుల వారీగా నరుక్కుంటూ పోతే ఒకే మోడు పలుమార్లు కర్ర ఇవ్వగలదు. బొమ్మలకు కావలసినది లావు మాను కాదు గనుక అక్రోటులా తరాలు ఆగనవసరం లేదు. మెట్ట భూములున్న పల్నాటిలో కూడా ఇది ఆలోచించదగిన పంట. అయితే కొనే నాథుడు లేనిదే రైతు మొక్క నాటడు. ఆ భరోసా రావలసినది వర్తకుల వైపు నుండే.

ఇక్కడ ఒక చిక్కును దాచిపెట్టి లాభం లేదు. దసరా, దీపావళి సరుకుకు కావలసిన కర్ర వానలకు ముందు, పొడి నెలలలో ఆరవలసి ఉన్నది. సరిగ్గా ఆ నెలలలోనే పల్నాటి వర్తకుని సొమ్ము మిరప కొనుగోళ్లలో, శీతల గిడ్డంగుల నిలవలలో చిక్కుకొని ఉంటుంది. కర్రకు బయానా ఇమ్మంటే చేతిలో రొక్కం ఉండదు. అందువల్ల ఒక్కొక్కరు వేరువేరుగా పండుగ ముందర పరుగెత్తడం కన్న, నలుగురైదుగురు దుకాణదారులు కలిసి చిన్న మొత్తాలతో మాఘ మాసంలోనే బయానా ఇచ్చి, కర్ర కోసిన తేదీని ఒప్పందంలో రాయించుకొనడం అనుకూలమైన మార్గం. నూటికి 6 రూపాయల వడ్డీతో 25 రూపాయల నష్టం తప్పించుకొనే బేరం మిరపలోనైనా, పత్తిలోనైనా తరచు దొరికేది కాదు.

ఈ ఏడు పండుగ సరుకు మాట్లాడబోయే వర్తకుడు డజను ధర అడగడానికి ముందు కర్ర ఎప్పుడు కోశారని అడగడం మంచిది. వెంటనే తేదీ చెప్పగలిగిన పనివాని దగ్గర రెండు రూపాయలు ఎక్కువైనా కొనవచ్చును. తేదీ చెప్పలేని చోట ఎంత తక్కువకు వచ్చినా ఆ సరుకు చవక కాదు.